బోర్డు లేని రూటు

ఇరవై తొమ్మిదేండ్లు ఒకటే తొవ్వ నడిపిన.
దేవరకొండ, మల్లేపల్లి, చింతపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం.
ఏ గుంత కాడ వంగాల్నో
స్టీరింగుకు నా కంటె ముందు ఎరుక.
పొద్దుగాల బస్సు డిపో గేటు దాటంగనే
సైడు అద్దంల దక్షిణం దిక్కు కొండల వరుస
రోజింత ఎనక్కి జరిగేది.
ఒక్కసారన్న బండి మలుపుదామంటే
టైం షీటు ఒప్పుకోలే.

రిటైరైన నెలకు
కోళ్లఫారం ఎనక ఈకలు కప్పుకొని పడున్న
పాత జీపు కొన్న.
ఇంట్ల ఆమె మూడొద్దులు మాట్లాడలే.
నాలుగోనాడు సీట్లకు తన పాత చీర కుట్టింది.

కండక్టర్ పర్వతాలు పక్కకు కూసున్నడు.
టికెట్లు లేవు, చిల్లర పంచాది లేదు.
అయినా అలవాటు సావక
డోరు మీద రెండు దెబ్బలు కొట్టి
"రైట్" అన్నడు.

చందంపేట దాటినంక తారు అయిపోయింది.
అయిపోవుడంటే ఒక్కపారి కాదు,
ముందు అంచులు ఎలుకలు కొరికినట్టు,
తర్వాత నడుమ నడుమ అతుకులు,
ఆఖరికి ఎర్రమట్టి,
సగం కప్పి మరిచిన దుప్పటి కింద కాళ్ల లెక్క.
తునికి కొమ్మలు అద్దం మీద తట్టి
ఏ డిపో బండి ఇది అని అడిగినయి.
మోదుగులు ఒంటి మీద ఆకు లేకుండ
పూలే కట్టుకొని నిలవడ్డయి.
నెమలొకటి అడ్డం నడిచింది,
చెయ్యెత్తకుండనే బస్సాపే పటేలు తీరు.
హారన్ కొట్టబుద్ధి కాలే.

"స్టాపు లేదు గదా, ఎందుకాపినవ్?"
"ఇయ్యాల అన్నీ స్టాపులే."

బండల మీద ఎక్కుతుంటే
వెన్నుపూసలు ఒక్కొక్కటి పేరు చెప్పుకున్నయి.
అద్దంల చూసిన.
ఎనక దుమ్ము తప్ప ఏం లేదు.
కొండలన్నీ ముందలికొచ్చినయి.

అప్పుడు వాగు.
నీళ్లు లేవు, తొడ లోతు ఇసుక.
నేనేమో ఒక్క యాక్సిడెంటు లేదని
డిపోల శాలువా కప్పించుకున్నోణ్ణి.
తొక్కిన.
చక్రం తిరిగింది, జీపు కదల్లే.
ఇంకింత తొక్కిన.
ఇరుసు దాక దిగింది.
పర్వతాలు దిగి నెట్టిండు,
పాత డిపో మేనేజర్ను యాది చేసుకొని
ఇసుకను తిట్టిండు.

మేకల ఎనక వచ్చింది కేతావత్ దస్లి.
చేతుల కట్టె, సంకల మేకపిల్ల.
జీపు చుట్టు ఒక తిరుగు తిరిగింది,
అంగట్ల బర్రెను చూసినట్టు.
"గాలెక్కువైంది" అన్నది.
నాకా, టైరుకా అని అడగలే.
పుల్ల ఇరిచి తనే వాల్వు నొక్కింది.
నాలుగు చక్రాలు, నాలుగు నిట్టూర్పులు.
"మా పెద్దోడు ట్రాక్టరు గిట్లనే తీస్తడు."
టైర్లు కాళ్లు జాపి
ఇసుక మీద తాపీగ కూసున్నయి.
మొదటి గేరు.
ఉట్టి కింద పిల్లి నడిచినట్టు
అవతలి గడ్డకు.

సర్వీసు పుస్తకంల ఈ ముచ్చట రాసి లేదు.

మేకలు మా ముందల, మేము మేకల ఎనక.
వాటి కంటె జోరు పోయే పని లేదు.
కొండ కొస కాడ
"ఈడ ఆపు" అన్నది దస్లి.
ఆ మాట ఇని ఎన్నొద్దులాయె!

కింద కృష్ణ.
సాగర్ ఎనకనీళ్లు కొండల సందులకు
వేలు పెట్టి తడుముతున్నయి.
తొవ్వ మాత్రం ఆగలే,
దిగుకుంట దిగుకుంట నీళ్లల్లకే పోయింది.
లోపల ఇంకింత దూరం ఉన్నదట.
దస్లి తాత ఆ తొవ్వెంటనే
పసులు తోలుకొని పైకొచ్చిండట.
పర్వతాలు చెప్పులిడిసి
మడమల దాక నీళ్లల్ల నిలవడ్డడు, శాన సేపు.
ఏమన్నడో నాకినవడలే.

మళ్ల తారెక్కేసరికి పొద్దు గూకింది.
చప్పబడ్డ టైర్లు రోడ్డు పొడుగూత గొణిగినయి.
చందంపేట పంచరు దుకాణంల పోరడు
పైపు పట్టుకొని నా దిక్కు చూసిండు:
"ఎంత కొట్టాలె కాకా?"
నేను నోరు తెరిసేలోపే
పర్వతాలు కునికిపాట్ల నుంచి లేసి
"టైర్లకే కొట్టు, డ్రైవర్‌కు వద్దు" అన్నడు.