ఏడో తాడు

నెలకోసారి, నీళ్లు వెనక్కి తీసే వేళ
పడవలో మోకాళ్ల మీద కూర్చుని
తాళ్లు ఒక్కొక్కటే పైకి లాగుతాను.
ఒక్కో తాడుకీ ఓ వల సంచి, సంచిలో పన్నెండు ఆల్చిప్పలు.
కూరకి కాదు, ల్యాబుకి.
సెపెటీబా అఖాతం ఏం తాగుతోందో
మొహమాటం లేకుండా చెప్పేవి ఇవే.

జింకు, సీసం, కాడ్మియం…
ఫ్యాక్టరీ మూతపడి, బోర్డు తుప్పుపట్టి
యజమాని పేరు కూడా జనం మర్చిపోయాక
ఇవి మాత్రం అంతా కడుపులో పెట్టుకున్నాయి.

మా నాన్న అదెమార్ కూడా అంతే.
ఇరవై రెండేళ్లు కొలిమి దగ్గర పని.
జీతం రోజున కాఫీపొడీ, బిస్కెట్లూ,
ఓసారి నాకు తెల్ల చెప్పులూ తెచ్చాడు.
నీళ్లని చంపిన డబ్బే అది.
ఆ చెప్పుల్ని తిట్టడం మాత్రం
నాకిప్పటికీ చేతకాదు.

పటాలు చంకన పెట్టుకుని ఓ కుర్ర ఇంజనీరు వచ్చాడు.
అడుగున బురదంతా తోడేద్దామన్నాడు.
"పడుకున్నదాన్ని లేపకు నాయనా,
ముందు కారేది ఆపు,
తర్వాత పైన మంచి ఇసుక కప్పు," అన్నాను.
బూడిద గుట్ట చుట్టూ గోడ లేచింది, సున్నం పడింది,
ఆరు తాళ్ల అంకెలు దిగాయి.
ఏడోది దిగలేదు.

ఆ రాత్రి అంకెలు పైకి చదువుతుంటే
నాన్న చెంచా కింద పెట్టాడు.
"బండి తీసుకురా," అన్నాడు.

ఇటుకలు తోసే ఒంటిచక్రం బండి. అందులో మా నాన్న,
ఒళ్లో దుప్పటి, చేతిలో కర్ర,
సంతకి తీసుకెళ్తున్న పుంజులా మెడ చాచి.
మడ అడవి అంచున, పీతల బొరియల మధ్య
కర్రతో మూడుసార్లు పొడిచాడు.
"తూము ఇక్కడ. డెబ్బై తొమ్మిదిలో, రాత్రిపూట వేశాం.
నేనూ, ఇంకో నలుగురూ. వాళ్లు పోయారు."
ఇంజనీరు పటం వైపు చూశాడు.
నేను నాన్న పాదాల వైపు చూశాను.
మోకాలిలోతు తవ్వితే దొరికింది,
తొందరేమీ లేనట్టు కారుతూ.

సిమెంటు బిరడా పడింది.
రెండు వానాకాలాలు వెళ్లిపోయాయి, నాన్న కూడా.
ఇవాళ ఏడో తాడు చీటీ వచ్చింది:
పోయినేటికంటే తక్కువ.
తినడానికి ఇంకా ఎక్కువే.

చీటీ మడిచి జేబులో పెట్టుకుని
కొత్త పన్నెండింటిని సంచిలో వేశాను.
తాడు నీళ్లలోకి వదలబోతూ, ఎందుకో,
ముడి విప్పి
మళ్లీ వేశాను.