చిలకపచ్చ, చిలక పచ్చ

మండపేటలో, మేడ మీద,
ఏసీ నీళ్ళు బకెట్లో బొట్లు పడే గదిలో
బియ్యం సంచి మీది చిలకని
రంగు రంగుగా విడదీస్తాను. అదే నా ఉద్యోగం.

నాలుగు రంగుల చుక్కలతో లోకమంతా అచ్చవుతుందంటారు.
శుభలేఖకి సరే, క్యాలెండరుకి సరే.
నేత సంచి మీద చుక్క నిలవదు,
పోగుల సందుల్లోకి జారిపోతుంది.
సంచికి ముద్ద రంగు కావాలి,
ముందే కలిపి, డబ్బాలో పోసి, పేరు పెట్టినది.

పేరుతోనే వస్తుంది తంటా అంతా.
విడదీసి తెర మీద చూస్తే అన్నీ నలుపే.
రెక్క నలుపు, జామపండు నలుపు.
ముక్కు ఒక్కటే ఉంచి మిగతావి ఆర్పేస్తే
ఎవరిదో తెలియని గోరులా
తెల్లటి ఖాళీలో వేలాడుతుంది.

ఈ ఫైలు రాజమండ్రి నుంచి వచ్చింది.
మూడు రంగులే అన్నారు. తెరిస్తే నాలుగు.
చిలకపచ్చ, ఎరుపు, నలుపు,
ఇంకా, చిలక పచ్చ.
ఎవరి వేలో స్పేస్‌బారుకి ఒక్కసారి తగిలింది.
మిషనుకి ఇక వాళ్ళిద్దరూ వేరే మనుషులు.
తల ఒక ప్లేటు, తోక ఇంకో ప్లేటు,
ప్లేటుకి మూడువేల పై మాట.

నాకు నవ్వు రాలేదు.
ఆధార్లో వీరవేణి, టెన్త్ సర్టిఫికెట్లో వీర వేణి.
ఆ కాస్త ఖాళీ పూడ్చడానికి
మీసేవ మెట్లు పదకొండుసార్లు ఎక్కాను.
ఇక్కడ ఒక్క నొక్కు.
రెండు పచ్చలూ ఏమీ ఎరగనట్టు కలిసిపోయాయి.

మిల్లు బులివీర్రాజు గారు నమూనా తెచ్చారు,
ఆకుమడిలోంచి పీకిన పిడికెడు నారు, చేతిరుమాల్లో చుట్టి.
"సరిగ్గా ఈ పచ్చేనండి. ఆయ్."
పొద్దున పదింటికి అది నిజమే.
ఇంకు కలిపే జానీబాషా వచ్చేసరికి నాలుగైంది,
నారు తల వాల్చేసింది.
అతను ఒక ఆకుని బొటనవేలితో నలిపి,
ఆ వేలినే చూస్తూ అడిగాడు:
"ఎన్నింటప్పటి పచ్చండీ?"
బులివీర్రాజు గారు గోడ గడియారం వైపు చూశారు.
నేను రంగుల పుస్తకం తిప్పి ఒక నంబరు రాసుకున్నాను.
అంకెలు వాడవు.

ఇక మిగిలింది వెంట్రుకవాసి పని.
ఒక రంగు అంచుని పక్క రంగులోకి
కొద్దిగా చొరబడనివ్వాలి.
మిషను మీద సంచి సాగుతుంది, పక్కకి జరుగుతుంది.
ఆ కాస్త దొంగతనం ముందే చెయ్యకపోతే
రెండింటి మధ్యా తెలుపు పళ్ళికిలిస్తుంది.
ధవళేశ్వరం దిగువన విడిపోయిన గోదారికి ఈ బెంగ లేదు.
పాయకీ పాయకీ మధ్య ఊళ్ళు లేచాయి,
కొబ్బరి తోటలు లేచాయి,
ఒకదాని మీద ఒకటి మళ్ళీ అచ్చవ్వక్కర్లేదు.
నా చిలక అవ్వాలి.

నలుపు కన్నుని నేరుగా పచ్చ మీద కూర్చోబెట్టాను.
జామపండు అంచు సర్దాను.
ఇంతలో ఇంటి నుంచి ఫోను, నీళ్ళ మోటారు కాలిపోయిందని.
వచ్చాక ఫైలు పంపేశాను.
నలభై వేల సంచులు.

ఊడ్పుల రోజులు. ద్వారపూడి రోడ్డు, కాలవ గట్టు, వాన.
సంచి ఒక మూలని లోపలికి మడిచి
జమ్ముగూడలా తల మీంచి వేసుకుని
చేలో వరసగా ఆడవాళ్ళు.
స్కూటీ ఆపాను.
ఒక వీపు మీద నా చిలక, తలకిందులుగా,
ముక్కుకీ మొహానికీ మధ్య సన్నటి తెల్ల గీత.
ఆమె వంగినప్పుడల్లా అది సాగుతోంది.
వాన దాని మీంచి కూడా జారిపోతోంది,
లోపలికి దిగడం లేదు.

"ఏవమ్మా, దారి తప్పేవా?" అంది, నారు కట్ట విప్పుతూ.
లేదండి, అన్నాను.
ఆ సంచి ఏ మిల్లుదండీ, అన్నాను, తెలీనట్టు.
మెడ తిప్పి వీపు చూసుకోబోయింది, అందలేదు.
పక్కామె చూసి చెప్పింది:
"చిలక మార్కు."