నాలుగు చుక్కలు

బండి తాళాలు ఆఫీసు కౌంటరు మీద పెడితే
ఈజిప్టు గుమాస్తా తలెత్తి చూడలేదు.
మీటరు తిరిగింది రాసుకున్నాడు, ఆరు లక్షల పదకొండు వేల కిలోమీటర్లు.
మనిషి అరిగినదానికి ఆ కాయితంలో గడి లేదు.

కొత్త రూలంట.
ఏడేండ్లు దాటిన బండి రోడ్డు మీద కనపడకూడదు,
మీటరు ఉండాల, పక్కన తెర ఉండాల,
తెరలో నా మొహం ఉండాల.
నిజం చెప్పాలంటే తప్పేముంది అందులో?
పందొమ్మిదేండ్లు నా మీటరుకు జబ్బు చేసే ఉండింది.
విమానం దిగి బిత్తరచూపులు చూసేవానికి ఒక రేటు,
అరబ్బీలో గదిమేవానికి ఇంకో రేటు.
మాలియా స్టాండులో మేమందరమూ అంతే,
దొరికినకాడికి.

కానీ పగడాలమ్మను యాడికి పంపాల?
ఆమె అడ్రసు ఏ మ్యాపులోనూ లేదు.
"నాయనా, ఖైతాన్‌లో ఆకుపచ్చ తలుపు బకాలా,
దాని వెనక సందు,
మూడో ఇంట్లో పిల్లోడు ఏడుస్తుంటాడే, అది."
ఆ పిల్లోడు పెద్దోడై మీసాలు పెంచినాడు.
ఆమె ఇంకా ఆ ఏడుపే గుర్తు చెబుతుంది,
నేను సరిగ్గా అక్కడే ఆపుతాను.
శుక్రవారం నాలుగు గంటలు సెలవు,
కొంగుముడిలో పావు దినార్లు,
ఫోను మేడమ్ బీరువాలో.
ఫోను లేని మనిషి ఇంగ ఈ ఊర్లో
యాడ నిలబడి చెయ్యెత్తినా
ఎవరికీ కనపడదు.

నా పైమంచం రెడ్డిబాషా యాప్ బండి తోలుతాడు.
కింద నుంచి నేను తిట్టినన్నాళ్లు
పై నుంచి వాడు తిట్టినాడు.
ఇద్దరికీ ఒకటే దబరలో కూడు.
నేను దినానికి ఏడు దినార్లు కంపెనీకి కట్టాల,
వాడు నూటికి ఇరవై అయిదు ఫోనుకు కట్టాల.
నా కపీలును మూడుసార్లు చూసినా, గడ్డం, చేతిలో జపమాల.
వాని కపీలు ఎట్లుంటాడో వానికే తెలీదు.
నడిరేయి ఫోను గణగణమంటే
నిద్రలోనే "వస్తాండా సార్" అని లేస్తాడు.

తాళాలిచ్చి బయటికొస్తే యాభై డిగ్రీల ఎండ.
వానికే ఫోను చేసినా.
"అట్ల కాదు మామా, యాప్‌లో పెట్టు,
ఉత్తగా ఎక్కించుకుంటే ఫైను" అన్నాడు.
ముందు సీటు తలుపు తెరవబోతే వెనక్కి చూపించినాడు.
వెనక సీట్లో ఎట్ల కూర్చోవాలో నాకు తెలీదు.
సిగ్నలు కాడ నా కుడికాలు బ్రేకు కోసం వెతికింది.
ఐదో రింగు రోడ్డు దిగి వాడు తెర చెప్పినట్టు తిరిగినాడు,
నేను నోరు మూసుకున్నా.
తెర చెప్పిందే దగ్గర దారి. అదీ ఒప్పుకోవాల.

దిగినాక ఫోను అడిగింది, ఎన్ని చుక్కలు?
ఏసీ తగ్గించి పెట్టినాడు, పెట్రోలు మిగుల్చుకోను.
హారను ఒకసారి ఎక్కువైంది.
తోలేది మాత్రం బాగుండాది.
నాలుగు పెట్టినా.
మా బళ్లో ముప్పై అయిదొస్తే పాసు,
ఎనభై వచ్చినోణ్ణి ఊరంతా పోయి చూసొచ్చింది.
నాలుగంటే ఎనభై గదా?

రెండ్రోజులు పైమంచం పలకలేదు.
మూడో నాడు చెప్పినాడు,
నాలుగంటే ఫెయిలంట.
నాలుగున్నర కిందికి జారితే
ఫోను గణగణమనడం మానేస్తుందంట.
కోపమొస్తే మా అవ్వ
పట్టపగలే చుక్కలు చూపిస్తాననేది.
ఒక చుక్క కనపడకపోతే పస్తులని
ఆమెకు కూడా తెలీదు.

ఆ చుక్క తిరిగి పెట్టేదానికి దారి వెతికినాం,
ఒక ఫోను మీదికి రెండు తలకాయలు వంచి.
లేదు. ముగిసిన సవారీ ముగిసినట్టే.

లైటార్పినాక పైనుంచి అడిగినాడు,
"మామా, రేపు శుక్రవారం గదా,
ఆకుపచ్చ తలుపు బకాలా యా సందులో?"
"ఉత్తగా ఎక్కించుకుంటే ఫైను గదరా" అన్నా.
పైమంచం గురక పెట్టినట్టు నటించింది.
మూడో ఇల్లు, పిల్లోడు ఏడుస్తుంటాడు,
అని చెప్పి గోడవైపు తిరుక్కున్నా.