రెండో గడి ఇరుకు

జూలైలో మొఖోట్లోంగ్ కొండలెక్కాలంటే గుర్రమే గతి.
అద్దె రోజుకి ఎనభై మలోటీలు, మంచు ఉచితం.
గుర్రం పేరేమిటని అడిగితే
ఆఫీసు పనికెళ్ళే గుర్రానికి పేరెందుకన్నాడు దానివాడు.

సంచిలో నూట నలభై కాగితాలు.
ఒక్కో కాగితం మీద రెండు గడులు:
రేడియో పాఠం వల్ల ఈ ఇంటికి కలిగిన మేలు,
రేడియో పాఠం వల్ల ఇతరులకు కలిగిన మేలు.
మొదటిది అరచేయంత.
రెండోది బొటనవేలి గోరంత.
అచ్చు వేయించినవాడు మసేరులో
హీటరు పక్కన కూర్చుని కొలిచి ఉంటాడు.

గొర్రెలు కాసే పిల్లాడి పేరు తెకో.
వాళ్ళ మాటలో తెకో అంటే పరీక్ష.
ఒక్క పరీక్షా రాయలేదు ఇంతవరకూ.
మెడలో రేడియో, దానికో గొడుగు ఊచ,
నీరసించిన బ్యాటరీలు బండరాయి మీద ఎండకి.
"ఏం నేర్చుకున్నావు?"
"చుక్క తర్వాత అంకెలు."
ఉన్ని కొనేవాడు పన్నెండన్నప్పుడు
త్రాసు ముల్లు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని
పదమూడు చుక్క ఏడు అన్నాడట, మెల్లగా,
గొర్రెకి చెప్పినట్టు.
రాసుకున్నాను. మొదటి గడి.

ఇక్కడే చిక్కొచ్చింది.
ఆ రోజు నుంచి ఆ బేరగాడు
లోయలో ఎవరికీ తక్కువ తూయడం లేదు.
ఏ దుప్పటి కింద ఏ కుర్రాడికి
చుక్క తర్వాత అంకెలు వచ్చో
వాడికేం తెలుసు?
ముసలి ఖెథిసా ఏ పాఠమూ వినలేదు.
వినడానికి అతనికి చెవులే లేవు.
అయినా అతని మూటా సరిగ్గా తూగింది.
ఈ మేలుని ఏ పేరున రాయను?
బేరగాడి భయం పేరునా?

తెకో నానమ్మకీ పక్కింటి మాలిపువోకీ
ఆరేళ్ళుగా మాటల్లేవు.
ఒక పొట్టేలు, ఒక కూలిన దడి, అంతే కథ.
గోడకి చెవులుంటాయంటారు.
ఈ రెండిళ్ళ మధ్య గోడ ఏకంగా చదువుకుంది.
మొన్న వేసవిలో మాలిపువో మనవరాలికి
పొట్ట ఆగకుండా పోయి కళ్ళు లోపలికెళ్ళినప్పుడు
లీటరు కాచిన నీళ్ళు, సమంగా గీసిన ఆరు చెంచాల చక్కెర,
అర చెంచా ఉప్పు,
ఎవరు చెప్పారమ్మా నీకు అంటే
"ఎవరూ చెప్పలేదు.
నేను ఎవరి రేడియో వినను."
పిల్ల మాత్రం నా గుర్రం కింద నుంచి దూరి
అటూ ఇటూ పరిగెడుతోంది.

నానమ్మని అడిగాను, పాఠం వేళకి
రేడియో అంత పెద్దగా ఎందుకు పెడతారని.
"దానికి తలనొప్పి రావాలని."
నవ్వలేదు. పిడక ఒకటి విరిచి పొయ్యిలో వేసింది.

నాలుగున్నర. పాఠం మొదలైంది.
ఊపిరి పీల్చుకునే పసిబిడ్డ
పక్కటెముకలు లెక్కపెట్టడం గురించి
ఎవరో ఆడమనిషి నిదానంగా చెబుతోంది.
సగంలో గొంతు సన్నగిల్లి,
గరగరలాడి,
ఆగిపోయింది.
తెకో బ్యాటరీలు తీసి చంకలో పెట్టుకున్నాడు.
ఎండ లేదు. మంచు పడుతోంది.

గోడ అవతల చెక్కపీట కిర్రుమంది.
తర్వాత ఏమీ లేదు.
తర్వాత, గోడ మీంచి ఒక గుడ్డ మూట
ధబ్బున మా ముందు పడింది.
రెండు పెద్ద బ్యాటరీలు,
ఇంకా వెచ్చగా ఉన్నాయి.

రేడియో లేని ఇంట్లో
బ్యాటరీలెందుకున్నాయని నేనడగలేదు.
నానమ్మ గుడ్డని మడిచి
మళ్ళీ గోడ మీద పెట్టింది, అందేటట్టు.

కాగితం చేతిలోనే ఉంది.
రెండో గడిలో పెన్ను ఆనించాను.
పట్టలేదు.