సగం టిక్కీ సామాను

మే నెల. మిర్చి యార్డుకి సెలవులు.
ఇరవై రెండేళ్ళు కాటా పక్కన నిలబడ్డ కాళ్ళు
ఇంట్లో ఎటు చాపుకోవాలో తెలీక
మాటిమాటికీ చెప్పులు వెతుక్కుంటున్నాయి.

నాంచారమ్మకి చీటీ పాట వచ్చింది.
గాజులనుకున్నాను. ఫ్రిజ్జనుకున్నాను.
ఆమె క్యాలెండరు అట్ట తిప్పి
నీలం పెన్నుతో చిన్న సున్నా చుట్టింది.
"ఇది దీవి," అంది.
దాని చుట్టూ ఒకటే గీతలు. నీళ్ళంట.
"ఇక్కడికి పోదాం."

మా లిఖిత ఫోన్లో పట్టుకుంది దాన్ని.
వేళ్ళతో సాగదీస్తే తేలుతుంది,
వదిలేస్తే సముద్రం మింగేస్తుంది.
చుట్టూ తిరిగి రావడానికి పన్నెండు నిమిషాలు.
"మన సంగడిగుంటలో సగం లేదే!"
"పని లేకుండా పన్నెండు నిమిషాలు
ఎప్పుడు నడిచాం మనం?" అంది.

గదులు నీళ్ళలో గుంజల మీద నిలబడతాయి.
నేలంతా అద్దం, అద్దం కింద చేపలు.
"ఊడ్చేటప్పుడు అయ్యి బెదరవూ?"
"ఊడ్చేది నువ్వు కాదమ్మా."
ఆ మాట చాలాసేపు
ఫ్యాను కింద తిరుగుతూనే ఉంది.

పాస్‌పోర్టు ఆఫీసులో మిషను
ఆమె వేళ్ళని ఒప్పుకోలేదు.
కోల్డ్‌స్టోరేజీ చీకట్లో
మిరపకాయకి తొడిమ తీసి తీసి
అరిగిన గీతలన్నీ
తేజా రకంతో కలిసి ఎప్పుడో ఎగుమతయ్యాయి.
ఆమెకంటే ముందే సముద్రం దాటాయి,
పాస్‌పోర్టు లేకుండానే.
పది రాత్రులు మజ్జిగలో నాని, కొబ్బరినూనె తాగి
చివరికి ఎడమచేతి చిటికెనవేలు
నేను నాంచారమ్మనే అని సాక్ష్యం చెప్పింది.

ఫారంలో ఒక గడి: మీ ప్రత్యేకమైన కోరికలు.
పూలపక్క, కేకు, కొవ్వొత్తుల భోజనం
అని కింద వాళ్ళే అందించారు.
"తుమ్ము రాని గాలి. రాయవే," అంది.
లిఖిత ఇంగ్లీషులో ఏం రాసిందో,
సముద్రపు గాలి ఉచితమని జవాబొచ్చింది.

నాకు డబ్బు టిక్కీల్లోనే అర్థమవుతుంది.
ఒక రాత్రికి మూడు టిక్కీల తేజ.
వానాకాలం కాబట్టి తగ్గింపు.
"అంత దూరం పోయాక వాన పడితే?"
"పడనీ.
యార్డులో పడితే కదా పట్టాలు పట్టుకుని పరుగు.
అక్కడ మనం కప్పాల్సింది ఏముంది?"

ఆఖర్న ఒక విమానం, నీళ్ళ మీద దిగేది.
మనిషికి ఇరవై కిలోలు. సగం టిక్కీ.
గోంగూర పచ్చడి అందులోనే, దుప్పటీ అందులోనే.
ఎక్కే ముందు మనుషుల్ని కూడా తూస్తారంట.
అది చదివినప్పుడు నా ఒళ్ళు ఎందుకో జలదరించింది.
ఇన్ని లక్షల బస్తాలు తూచిన చేతులకి
ఇదేం కొత్త కాదే.

ఆ సాయంత్రం వాచ్‌మన్ బాజీని బతిమాలి
ఖాళీ యార్డులోకి తీసుకెళ్ళాను.
కాయ లేదు. ఘాటు మాత్రం
గోడల్లో కాపురం ఉంది.
కాటా మీద నిలబడింది, భుజాన బ్యాగు,
ఫొటోకి నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టి.
ఎర్ర అంకెలు అటూ ఇటూ తడుముకున్నాయి.

"తరుగెంత తీస్తావయ్యా?" అంది.
తేమకింత, తాలుకింత, మట్టికింత,
నోరు లేని రైతుకి ఇంకాస్త.
ఎన్నడూ తడబడని నాకు
నోట మాట రాలేదు.

అప్పుడు తుమ్మింది.
అంకెలు చెదిరిపోయాయి.
ప్రయాణమప్పుడు తుమ్మితే ఆగాలంటారు.
తుమ్ముకి ఆగితే ఈ యార్డులో
ఒక్క లారీ అయినా గేటు దాటేదా?

కొంగుతో ముక్కు తుడుచుకుని
బ్యాగు సర్దుకుని
"మళ్ళీ తూచు," అంది.