పద్నాలుగో పుస్తకం

ఎనభై ఏళ్ళ గడువు
జనవరి రెండున తీరింది.
ట్రోమ్సోలో ఆ రోజు సూర్యుడు రాడు,
నెల సగం దాటేదాకా రాడు.
మధ్యాహ్నం పన్నెండుకి కిటికీలో కాస్త నీలం,
అంతే.
ఆస్బ్యోర్న్ నేలమాళిగలోంచి బండి తోసుకొచ్చాడు.
ఒక చక్రం ఎప్పట్లాగే మూలిగింది.

గ్రంథాలయం జాబితాలో
ఆమె గురించి నేను రాసిన ముక్క ఇది:
"ఓలుఫీనె మిక్కెల్‌బోర్గ్, మంత్రసాని.
దినచర్య పుస్తకాలు నలభై మూడు, ఏడాదికొకటి.
అరలో పట్టే చోటు ముప్పావు మీటరు."
పడవల మీదా మంచుబళ్ళ మీదా తిరిగి
పదకొండొందల మందికి బొడ్డుకోసిన మనిషిని
మూరన్నరలో సర్దేశాను.
పుస్తకాలన్నీ ఒక్కసారి తెరవం.
ఏ ఏటికాయేడు ఒక్కోదానికి ముడి విప్పుతాం.
ఈసారి పద్నాలుగోది,
ఊళ్ళకు ఊళ్ళు తగలబడ్డ ఏడాదిది.

పదింటికల్లా వచ్చింది గుద్ని ఐలెర్ట్‌సెన్.
రాత్రంతా ఓడలో వచ్చిందట.
బూట్ల మంచు గుమ్మంలో దులిపి
కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుంది.
పెన్ను తీయబోతే ఆపాను.
ఇక్కడ పెన్సిలే, అది నియమం.
"ఆవిడా పెన్సిలేనా?" అంది పేజీ చూసి.
అవును, ఆ చలికి సిరా గడ్డకట్టింది.

ఎక్కడుందో నాకు తెలుసు. అయినా వెతకనిచ్చాను.
ఒక్కో పేజీ ఉల్లిపొరలా ఎత్తుతూ
తానే చేరింది అక్కడికి:

"నవంబరు పదిహేడు. గుహ. ఈదురుగాలి.
ఐలెర్ట్ భార్యకి ఆడపిల్ల. ఏడవలేదు.
ముఖానికి మంచు రుద్దాను. ఏడ్చింది.
కింద రేవులో గస్తీ పడవ. నోరు మూయమన్నారు.
నా అరచేత్తో మూశాను.
బతికింది.
ఫీజు ముట్టలేదు. ఎండుచేప ఒకటి బాకీ."

చర్చితో పాటు చర్చి పుస్తకమూ కాలిపోతే
ఎవరో వేళ్ళ మీద లెక్కేసి చెప్పారట, ఇరవయ్యో తారీఖని.
"ఎనభైసార్లు తప్పు రోజున కేకు కోశాను," అంది.
తర్వాత ఇంకోసారి చదివింది.
తర్వాత గట్టిగా, గది మొత్తానికి వినబడేలా:
"అయితే నేను అరిచానన్నమాట!
మా అమ్మ చచ్చేదాకా చెప్పింది,
పుట్టినప్పుడు కిక్కురుమనలేదని."

మూల బల్ల దగ్గర పరిశోధక కుర్రాడు తలెత్తాడు.
నా చూపుడువేలు, ఇరవై రెండేళ్ళ అలవాటు కదా,
పెదాల మీదికి లేచింది.
సగంలో దించి
చొక్కా బొత్తాం సర్దుకున్నాను.

వెళ్ళబోతూ ఆగింది.
"ఆ చేప. ఇచ్చారా మావాళ్ళు?"
పదిహేనో పుస్తకంలో ఉంది జవాబు.
జాబితా రాసినప్పుడు నేను చదివాను.
చెప్పకూడదు. వచ్చే జనవరి దాకా
అది సీలు కింద ఉన్న మాట.
"తెలీదు," అన్నాను,
గుమస్తా గొంతుతో, నేల చూస్తూ.
"వచ్చే జనవరా," అంది గుద్ని.
టోపీ చెవుల మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజున మళ్ళీ వచ్చింది.
చంకలో వార్తాపత్రికలో చుట్టిన పొట్లం,
తోక బయటికి కనిపిస్తోంది,
కర్రలా బిగుసుకున్న ఎండు కాడ్ చేప.
తినే వస్తువులు లోపలికి తేకూడదని
గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంది.
చదివించాను. చదివింది.
"ఇది తినడానికి కాదు," అంది,
"బాకీ."

ఆస్బ్యోర్న్ నన్ను చూశాడు, నేను చేపని చూశాను.
రసీదు పుస్తకం తీశాను.
తేదీ వేసి, పెన్సిల్‌తోనే,
"ముట్టింది" అని రాశాను.
కింద,
కాసేపు చెయ్యి ఆడలేదు,
"ఓలుఫీనె తరఫున" అని సంతకం చేశాను.

ఆ వారమంతా తొమ్మిదో నంబరు లాకరు దగ్గర
సముద్రం వాసన.
ఎవరడిగినా
మాకు తెలీదన్నాం.