మొగిలి ఘాట్లో ఒక శాతం

చెంగల్రాయులు బండిలో నికెలు.
నా బండిలో ఇనుము.
షోరూమ్ పిల్లోడు గుక్క తిప్పుకోకుండా చదివిన పేర్లలో
మా ఇద్దరికీ గుర్తుండేది ఆ రెండే.

వాడిది తేలిక. ఒక్క చార్జికి
చిత్తూరు నుంచి బెంగుళూరు ఎయిర్‌పోర్టు,
మళ్లీ కోలారు దాకా.
నేను పోయేటప్పుడే ముల్బాగల్లో ఆగాల.
సవారీ ఆయన వాచీ చూసుకుంటాడు,
నేను రెండో టీ చెప్తాను.

అయితే వాడికి పథ్యం జాస్తి.
ఎనబై దాటి పట్టించకూడదంట,
ఎండలో పెట్టకూడదంట.
పోయిన వేసవిలో గుజ్జు ఫ్యాక్టరీ కాడ
మామిడికాయల లారీ నీడ కోసం నాతో పోట్లాడినాడు.
ఆ లారీ కదిలితే వాడి ప్రాణం కదిలేది.

నాది నూటికి నూరు పెట్టినా తింటుంది.
మేకు దిగినా మండదన్నారు.
దించి చూసే ధైర్యం నాకు లేదు.

లెక్కే దొంగది.
నలభై, నలభై, నలభై అని
నరహరిపేట చెక్‌పోస్టు కాడ ఉన్నట్టుండి పదకొండు.
మా నాయనా అంతే,
ఆస్పత్రికి ఎత్తుకుపోయిన రోజు పొద్దున కూడా
బాగుండాను పోరా అన్నాడు.

వారానికొకసారి నిండా పట్టు,
లెక్క దానికి గుర్తొస్తుందనింది హసీనా.
రేణిగుంటలో ఏడేండ్లు సెల్లులు పరీక్షించిన మనిషి,
ఇప్పుడు సంతపేటలో రేకుల షెడ్డు.

ధనుర్మాసం. పలమనేరులో తెల్లారుజాము.
చలికి ముడుచుకున్న ఇనుము
కరెంటును చెంచాతో తాగింది.
నూరు పడేదాకా కూర్చుని ఘాట్ దిగినాను.

కొండ ఇవ్వబోయింది.
కాలు తీసిన ప్రతి మలుపులో
దిగే బరువునంతా కరెంటు చేసి ఇవ్వబోయింది.
నిండుకుండ తొణకదు, నిజమే.
పుచ్చుకోదు కూడా.

బ్రేకులు కాలిన వాసన.
వెనక సీట్లో ముసలామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.
ఎనబైతో నా వెనకే దిగిన చెంగల్రాయులు
మొగిలి కాడ ఆపి మీటరు చూపించినాడు.
ఎనబై ఒకటి.
ఊరికే వచ్చింది బావా, అని
దారిలో రూపాయి దొరికినోడి మాదిరి నవ్వినాడు.

ఇప్పుడు నేను తొంబై కాడ పీకేస్తాను.
మిగతా పది కొండకి.

ఏది మంచిదమ్మా అంటే
హసీనా సోల్డరు మీద నుంచి తల ఎత్తదు.
ఉప్పుతో చేసేది ఒకటి వస్తాండాదంట,
చవకంట, బరువంట.

దానికి నీడ కావాల్నా, అని
చెంగల్రాయులు అప్పుడే అడగతాండాడు.